మా బలూచీ బావ

మొన్న పటాన్‌చెరు బస్టాండులో గడ్డపోతారం బస్సు కోసం నిలబడి ఉన్నాను. పక్కన ఒక బీహారు కార్మికుడు ఫోనులో గట్టిగా మాట్లాడుతున్నాడు. ఆ మాటల్లో ‘దామాద్’ అన్నది వినపడగానే నేను అలవాటు కొద్దీ వెనక్కి తిరిగి చూశాను, బావ ఎక్కడున్నాడా అని. బావ చనిపోయి నాలుగు నెలలైంది.

బతికి ఉంటే ఆ మనిషిని వదిలేవాడు కాదు. ఫోను పెట్టేసేదాకా చేతులు కట్టుకుని ఓపికగా నిలబడేవాడు. తర్వాత తన తెనాలి హిందీలో, అల్లుణ్ని మీ ఇంట్లో దామాద్ అనే అంటారా, ఆడవాళ్లు ఇంకేమైనా అంటారా అని అడిగేవాడు. ఎదుటివాడు ఈయనకు పెళ్లీడు కూతురుందనీ, సంబంధం కోసం తిరుగుతున్నాడనీ అనుకునేవాడు. ఒకసారి ఒక ఒడియా వెల్డరు నిజంగానే ఫోనులో తన తమ్ముడి ఫొటో తీసి చూపించాడు. బావ దాన్ని కళ్లద్దాలు పెట్టుకుని మరీ చూసి, "కుర్రాడు బాగున్నాడు. నాకు పిల్లల్లేరు నాయనా. నాకు మాట చాలు" అన్నాడు. ఆ వెల్డరు ముఖం నాకిప్పటికీ గుర్తుంది.

ఆయన పేరు ఇక్కడ రాయను. మా చర్చి సంఘంలో సగం మందికి ఆ పేరు తెలియదు కూడా. తెనాలి దగ్గర పుట్టి, ఇక్కడి వ్యవసాయ పరిశోధన కేంద్రంలో విత్తనాల గదిలో పనికి కుదిరాడు. మా వంశంలోని పిల్లను, వరుసకు నాకు అక్కను, పెళ్లి చేసుకుని ఇక్కడే ఉండిపోయాడు. కంపెనీల వాసన, లారీల దుమ్ము, మా ఊళ్ల జొన్నరొట్టె అన్నీ ఒంటబట్టాయి. నాలుక మీద తెనాలి మాత్రం పోలేదు. అక్క దాన్ని రోజూ ఎత్తిపొడిచేది.

"నలభై ఏండ్లాయె. ఇంకా వచ్చాను, తిన్నాను అంటడు. వచ్చిన, తిన్న అంటే పండ్లు ఊడుతయా?"

"ఊడిపోయాయిగా ఎప్పుడో" అనేవాడు బావ, బోసి చిగుళ్లు చూపిస్తూ.

ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ గుప్పెడు శనగలుండేవి. తినడానికి కాదు. ఎవరైనా మాట్లాడుతుంటే ఒక గింజ తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దొర్లిస్తూ వినేవాడు. మందిరంలో చివరి బల్ల మీద, గోడ వైపు కూర్చునేవాడు. ప్రార్థన పొడుగైతే ఒక గింజ జారి నేల మీద పడి, గచ్చు మీద టకటకమని దొర్లుకుంటూ స్త్రీల వైపు వెళ్లేది. అక్క కళ్లు తెరవకుండానే కాలితో దాన్ని ఆపేది. ‘ఆమెన్’ అయ్యాక వెనక్కి తిరిగి ఆయన్ని ఒక చూపు చూసేది.

వరుసకు బావే అయినా నేను ఆయన్ని చాలాకాలం పట్టించుకోలేదు. మా సంఘానికి నేను కార్యదర్శిని. పాస్టరుగారు మూడు ఊళ్లు తిరగాలి కాబట్టి నెలకు రెండు ఆదివారాలు ప్రసంగం కూడా నాదే. లేఖనాలు చిన్నప్పటి నుంచి కంఠతా వచ్చినవాణ్ని. శనగలు దొర్లించుకునే మనిషి దగ్గర నేర్చుకునేదేముంటుంది అనుకున్నాను.

ఒక పెంతెకొస్తు ఆదివారం నాడు, పరిశుద్ధాత్మ దిగిన రోజున శిష్యుల నోట తమ తమ భాషలు విన్న జనాంగాల పట్టికను బైబిల్లోంచి చదివాను. ఆరాధన అయ్యాక రేకుల షెడ్డు కింద టీ తాగుతుంటే బావ సాసరులో టీ ఊదుకుంటూ నా పక్కకు వచ్చాడు.

"బావమరిదీ, ఇవాళ చదివావే, పార్తీయులు, మాదీయులు, ఏలామీయులు. అందులో మొదటి ఇద్దరూ ఒకే కొమ్మ వాళ్లు, తెలుసా?"

"ఏం కొమ్మ బావా?"

"ఇరానీ భాషల చెట్టులో వాయవ్య కొమ్మ. అన్నదమ్ముల పిల్లల్లాంటి భాషలు. ఒకడి మాట ఇంకొకడి చెవికి కాస్తో కూస్తో ఎక్కుతుంది. మూడోవాడున్నాడే, ఏలామీయుడు, వాడిది అసలు ఆ చెట్టే కాదు. ఏ చెట్టో ఇంతవరకూ తేల్చినవాడు లేడు. పాపం, ఆ రోజు అద్భుతం అందరికంటే వాడికే ఎక్కువ కావలసొచ్చి ఉంటుంది."

నాకు ఒళ్లు మండింది. "పరిశుద్ధాత్మ పనితోని పరాచికాలా బావా?" అన్నాను.

ఆయన సాసరు కింద పెట్టాడు. "పరాచికం కాదోయ్. చూడు, ముగ్గుర్నీ ఒకే వరసలో కూర్చోబెట్టాడు దేవుడు. నాకప్పజెబితే చెట్టు చూసి విడివిడిగా కట్టలు కట్టేవాణ్ని. అందుకే నేను విత్తనాల గదిలో ఉన్నాను, ఆయన పైనున్నాడు."

ఆ వారమంతా ఆ మాట నన్ను వదల్లేదు. ఇరవై ఏళ్లుగా ఆ పట్టిక చదువుతున్నాను. నాకవి గొంతు తడబడకుండా పలకవలసిన పేర్లు మాత్రమే. ఆ పేర్ల వెనక ఇళ్లున్నాయనీ, ఆ ఇళ్లల్లో నోళ్లున్నాయనీ నాకెప్పుడూ తోచలేదు. మరుసటి ఆదివారం మధ్యాహ్నం నేనే వాళ్లింటికి వెళ్లాను.

ఆయనకు ఈ పిచ్చి పట్టిన కథ అప్పుడు చెప్పాడు. విత్తనాల గదికి ఇరాన్ నుంచీ, అఫ్గానిస్తాన్ నుంచీ, తజికిస్తాన్ నుంచీ శనగ రకాలు కవర్లలో వచ్చేవి. కవరు మీద రకం నంబరుతో పాటు ఆ ఊరి రైతులు దాన్నేమంటారో కూడా రాసి ఉండేది. ఒకే గింజకు అన్ని పేర్లెందుకని ఈయనకు అనుమానం. ఆ రోజుల్లో ఇరాన్ నుంచి ఒక శాస్త్రవేత్త, ఒకావిడ, కొన్నాళ్లు ఉండి వెళ్లింది. ఈయన ఆమెతో నాలుగు ఫార్సీ మాటలు మాట్లాడబోతే ఆమె నవ్వి, నా దేశం ఇరానే కానీ మా అమ్మ భాష ఫార్సీ కాదు, కుర్దీ అందట. రెండూ ఒకటి కావా అని అడిగితే, ఒక పాత కవరు తిరగేసి దాని వెనక చెట్టు గీసి చూపించిందట. ఆ తర్వాత ఆ గదికి వచ్చిన ఏ విదేశీయుణ్నీ ఈయన మాట అడక్కుండా వదల్లేదు.

ఆ చెట్టును నాకు బల్ల మీద శనగలతో పరిచి చూపించాడు.

"ముందు రెండు కుప్పలు. పడమర, తూర్పు. పడమటి కుప్పను మళ్లీ రెండు చెయ్యి. నైరుతి ఒకటి, వాయవ్యం ఒకటి. ఫార్సీ నైరుతి. కాబూల్లో దరీ అంటారు, తజికులు తజికీ అంటారు, అవి ఫార్సీకి వేరే పేర్లే. కుర్దీ, బలూచీ వాయవ్యం. పష్తో తూర్పు. పామీరు కొండల్లో లోయకొకటి ఉంటాయి చిన్న చిన్నవి, అవీ తూర్పే."

"గిది వాస్తు లెక్కనే ఉంది బావా."

"వాస్తే. కాకపోతే ఇళ్లు మారిపోయాయి, దిక్కుల పేర్లు మిగిలాయి. ఒసెతీ అని ఒకటుంది, తూర్పు కొమ్మది. ఇప్పుడెక్కడుంది? అందరికంటే పడమర, కాకసస్ కొండల్లో. బలూచీది వాయవ్య కొమ్మ. ఉండేదెక్కడ? ఆగ్నేయ మూల, సముద్రం దాకా."

"మరి గా పేర్లెందుకు, మనిషిని పరేషాన్ చేసేటందుకా?"

"అవి పుట్టింటి పేర్లు. కాపురం ఎక్కడన్నది వేరే సంగతి."

పుట్టిల్లు ఎట్లా కనిపెడతారని అడిగాను. మన జామాత ఉన్నాడు గదా, అన్నాడు. ఫార్సీలో దామాద్. బలూచీలో జామాస్. కుర్దీలో జావా. మన జ్ఞానంలో ఉన్న ‘జ్ఞా’ బలూచీలో జాన్, ఫార్సీలో దాన్. ఒక్క మాటలో అయితే ఏదో పొరపాటున కలిసిందనుకోవచ్చు. ఒకరు ‘జ’ అన్నచోటల్లా ఇంకొకరు వరసగా ‘ద’ అంటూ పోతే అది చుట్టరికం. అరువు తెచ్చుకున్న మాటలను ముందు ఏరి పక్కన పెట్టాలి, విత్తనాల్లో రాళ్లు ఏరినట్టు. చెబుతున్నంతసేపూ ఆయన చూపుడువేలి గోరుతో గింజలను ఇటూ అటూ జరుపుతున్నాడు. ఒక గింజ రెండు కుప్పల మధ్యలో మిగిలిపోయింది. దాన్నెందుకు వదిలేశావు బావా అంటే, "ఇలాంటివి కొన్నుంటాయి. కాబూలు పక్కన రెండు చిన్న భాషలున్నాయి. ఒక పండితుడు ఇటు వేస్తాడు, ఇంకొకడు అటు వేస్తాడు. అవి మాత్రం వాటి మానాన అవి ఉంటాయి" అన్నాడు.

అక్క లోపలి నుంచి టీ తెచ్చి, బల్ల మీద జాగా లేక గ్లాసు నా చేతికే ఇచ్చింది.

"సూడు తమ్మీ, మనం శనగలు నానబెడితే ఈయన శనగలతోని చెట్లు నాటుతడు. ఇరాన్‌ల ఎవలు ఏమన్నరో అన్నీ ఎరుకే. ఇంట్ల ఉప్పు లేదంటే మాత్రం ఆ మాట చెవులకు వోదు."

"మీ అక్కది బ్రాహుయీ కదా, అందుకని అర్థం కాదు" అన్నాడు బావ.

"గదేంది, తిట్టా?"

తిట్టు కాదని ఆయన చాలా నిదానంగా చెప్పాడు. బలూచీ వాళ్ల మధ్యలో బ్రాహుయీ అని ఒక భాష ఉందట. అది మన తెలుగుకు చుట్టం. మనకు ఇంత దూరంలో, ఇరానీ చెట్టు కింద ఒంటరిగా ఉండిపోయింది. బలూచీకీ దానికీ పుట్టుకలో ఏ సంబంధమూ లేదు. కానీ ఎన్ని వందల ఏళ్ల నుంచో ఒకే పెరట్లో కాపురం. పిల్లనిచ్చి పుచ్చుకున్నారు. ఒకే ఇంట్లో రెండూ మాట్లాడతారు. బ్రాహుయీ నిండా బలూచీ మాటలే.

"చెట్టు గీసేవాడికి ఇది కనపడదు. చెట్టు పుట్టుక చెబుతుంది, పొత్తు చెప్పదు. అందుకే చెట్టు సగమే బావమరిదీ. నేను బలూచీ, మీ అక్క బ్రాహుయీ. మమ్మల్ని ఏ కొమ్మకు కడతావో కట్టు."

అక్క కొంగుతో బల్ల మీద ఒలికిన టీని, గింజలను చెరపకుండా చుట్టూ మాత్రమే తుడిచి వెళ్లింది. ఆ రోజు నుంచి నేను ఆయన్ని బలూచీ బావ అన్నాను. తర్వాత సంఘంలో కుర్రవాళ్లూ అదే అన్నారు.

నేను ప్రసంగం చేసేవాణ్ని. ప్రసంగం చేసేవాడికి ప్రపంచమంతా ఉపమానాల దుకాణంలా కనిపిస్తుంది. మూడు వారాలు తిరక్కుండానే ఆ చెట్టును బల్ల మీది నుంచి ఎత్తుకొచ్చి ప్రసంగ వేదిక ఎక్కించాను. విశ్వాసికి ఈ లోకం విడిదిల్లు, పుట్టిల్లు పైనుంది అన్నది నా అంశం. బలూచీ ప్రజలు ఎక్కడో సముద్రం ఒడ్డున పరాయి వాళ్ల మధ్య ఉంటారు, అయినా తెలిసినవాడు వాళ్ల నోటి మాట పట్టుకుని నీ పుట్టిల్లు ఫలానా దిక్కున ఉందని చెప్పేస్తాడు, మనం కూడా ఫ్యాక్టరీలో ఉన్నా బజారులో ఉన్నా నోరు తెరవగానే మన పుట్టిల్లు తెలియాలి అన్నాను. జనం కదిలిపోయారు. మా కాక, నాన్న తమ్ముడు, సంఘానికి పెద్ద. ఆయన మందిరం మెట్ల మీదే నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఏడ దొరికిందిరా నీకు గిది? గింత మంచి ఉపమానం నేను ఎన్నడు ఇనలే."

ముత్తంగిలో కుటుంబ ప్రార్థనకు పిలిచి మళ్లీ అదే చెప్పమన్నారు. చెప్పాను. ఇంకో నాలుగు చోట్ల చెప్పాను. చెప్పిన కొద్దీ పదును పెరిగింది. పుట్టిల్లు దాగదు అన్నది మా సంఘంలో సామెత అయిపోయింది.

మొదటిసారి చెప్పిన రోజు బావ అందరూ వెళ్లేదాకా ఆగి నా దగ్గరకు వచ్చాడు.

"బాగా చెప్పావు. సగం చెప్పావు."

"మిగిలిన సగం ఇంకో ఆదివారం చెప్త బావా."

"చెప్పు. మీ అక్క ఆ సగంలోనే ఉంది" అని నవ్వాడు.

చెప్పలేదు. మరిచిపోయి కాదు. ఆ సగంతో ప్రసంగం కుదరలేదు. వేరుగా ఉండండి, కలవకండి అని చెప్పడం మాకు అలవాటు. వేర్వేరు చెట్లవి ఒకే పెరట్లో ఒకటైపోయాయని చెబితే దాని చివర ఏ హెచ్చరిక పెట్టాలో నాకు తెలియలేదు.

పోయిన ఏడాది అక్క ప్రభువునందు నిద్రించింది. మా సమాధుల తోట గురించి ఇక్కడ చెప్పాలి. గేటు నుంచి లోపలికి కంకర బాట ఉంటుంది. బాటకు తూర్పున ఉన్న ముక్క మొదటిది. ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఉద్యోగాలకు కోస్తా నుంచి వచ్చిన కుటుంబాల వాళ్లు సంఘం పెట్టినప్పుడు తీసుకున్నది. తర్వాత మా ఊళ్ల వాళ్లం విశ్వాసంలోకి వచ్చాక, కాక తన పొలంలో మిగిలిన చివరి చెక్కను బాటకు పడమరగా కలిపి ఇచ్చాడు. అప్పటి నుంచి వాళ్లు తూర్పున, మేము పడమర. ఎక్కడా రాసి లేదు. ఎవరూ అడగలేదు. బల్లల మీద కలిసి కూర్చుంటాం, ఒకే రొట్టె విరుచుకుంటాం. మట్టి దగ్గరికి వచ్చేసరికి బాటకు చెరో వైపూ తిరుగుతాం. అక్క మా పిల్ల కాబట్టి పడమర పెట్టారు.

ఆ రోజు బావ ఏడవలేదు. అందరూ వెళ్లాక అక్క పక్కన ఖాళీ నేల మీద నాలుగు అడుగులు వేసి చూసుకున్నాడు. "సరిపోతుంది" అన్నాడు నాతో. నెల తిరిగాక ఆ జాగా తనకు కేటాయించమని కమిటీకి చీటీ రాశాడు. పిల్లలు లేనివాడు. తను పోయాక తన తరఫున అడిగేవాళ్లు ఉండరని ముందే అడిగాడు.

ఆదివారం ఆరాధన తర్వాత మందిరం పక్క గదిలో కమిటీ కూర్చుంది. నేను తీర్మానాల పుస్తకం తెరిచి కూర్చున్నాను. బావ తలుపు దగ్గర కుర్చీలో, చేతులు ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు. కాకే మాట్లాడాడు. కోపంగా మాట్లాడలేదు, అది చెప్పాలి.

"అల్లుడా, నువ్వంటే మాకు ఇజ్జత్ ఉన్నది. కాని మా జాగలన్నీ కంపెనీలకు పాయె. పోంగ మిగిలింది గా చెక్క. మా వాండ్లు పండెటందుకని ఇచ్చిన. ఇయ్యాల నీకిస్తే రేపు ఇంకొకలు అడుగుతరు. మీ వాండ్లకు తూర్పు దిక్కు ఉండనే ఉన్నది గద."

"నా వాళ్లంటే ఎవరు మామా?"

"గట్లడుగుతవేంది? మీ కోస్తా దిక్కోల్లు."

"తెనాలిలో నన్ను గుర్తుపట్టేవాళ్లు ఎవరూ లేరు మామా. నాకున్న మనిషి ఇక్కడ పడుకుని ఉంది."

కోస్తా కుటుంబాల తరఫున ఉన్న పెద్దమనిషి, ఫ్యాక్టరీలో పదవీ విరమణ చేసినాయన, కళ్లజోడు తుడుచుకుంటూ, "ఉన్న పద్ధతి ప్రకారం పోతే ఎవరికీ ఇబ్బంది ఉండదండీ" అన్నాడు. అప్పుడు కాక నా వైపు చెయ్యి చూపించాడు.

"నువ్వు చెప్పిందే గద అల్లుడా. మా పిలగాడు మందిరంల అందరికీ చెప్పె. ఏడ కాపురమున్నా పుట్టిల్లు పుట్టిల్లే. బలూచోల్లు సముద్రం కాడున్నా వాండ్ల కొమ్మ వాండ్లదే. నువ్వు నలభై ఏండ్లు ఈడున్నవ్, కాదంటలే. నీ కొమ్మ తూర్పు కొమ్మ."

ఎవరో నవ్వారు. వెక్కిరింపు నవ్వు కూడా కాదు, ఉపమానం బాగా అతికినందుకు వచ్చిన నవ్వు.

బావ నా వైపు తిరిగాడు. "అది సగమే మామా. మిగిలిన సగం ఇతనికి తెలుసు. చెప్పవోయ్."

"ఏందిరా" అన్నాడు కాక. "ఇంకో సగం ఉన్నదా?"

ఉందని చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. ఒకే పెరట్లో బతికినవాళ్లను చెట్టు చూసి విడదీయలేమని ఆ భాషలే చెబుతున్నాయని చెబితే చాలు. లేఖనం కూడా నా దగ్గర ఉంది. అత్తను వదలకుండా పరదేశం నుంచి వెంట వచ్చిన కోడలు, నీ మట్టి ఎక్కడో నా మట్టీ అక్కడే అని పట్టుబట్టింది. ఆమె మీద నేను ఎన్ని ప్రసంగాలు చేశానో. ఆ గదిలో ఆ భాగం నాకు గుర్తు రాలేదని రాస్తే ఎంత బాగుండేది. గుర్తొచ్చింది. వచనంతో సహా గుర్తొచ్చింది.

కానీ అప్పటికి ఆ ఉపమానం నాకు పేరు తెచ్చింది. ప్రసంగ వేదిక మీద సగమే చెప్పానని నా నోటితో నేను ఒప్పుకోవాలి. అడుగుతున్నది కాక. ఆ ఏడాది నన్ను సంఘ పెద్దల్లో చేర్చాలన్న మాట కూడా నడుస్తోంది.

"గది వేరే సంగతి కాకా. భాషల ముచ్చట" అన్నాను.

బావ ఒక్క క్షణం నన్నే చూశాడు. ఆ చూపులో కోపం లేదు. కవరు మీద ఒక పేరు ఉండి లోపల ఇంకో గింజ ఉన్నప్పుడు ఆయన అట్లా చూసేవాడు. తర్వాత లేచి, అందరికీ వందనాలు చెప్పి, కుర్చీని గోడ వారకు జరిపి వెళ్లిపోయాడు. విన్నపం అంగీకరించడానికి వీలుపడలేదని తీర్మానం రాశాను. నా దస్తూరి బాగుంటుందని అందరూ అంటారు.

ఆ తర్వాత కూడా ఆయన ఒక్క ఆదివారం మానలేదు. అదే చివరి బల్ల. నన్ను అదే పిలుపు పిలిచేవాడు. నాలుగు మాటలు అని ఉంటే నేను తేలికపడేవాణ్ని. ఆ అవకాశం ఇవ్వలేదు. ఒకరోజు ఇద్దరం బస్టాండులో నిలబడి ఉంటే, కొత్తగా వచ్చిన కూలీలు మా పక్కనే ఏదో తెలియని భాషలో మాట్లాడుకుంటున్నారు. నేను ఎన్నడూ విననిది. బావ తల తిప్పలేదు.

"అడగవా బావా, ఏం భాషనో?"

"అడిగి ఏం చేస్తాను? ఎవర్ని ఎక్కడ పెట్టాలో మీకు తెలుసుగా" అన్నాడు, రోడ్డు వైపే చూస్తూ.

తట్టుకోలేక ఆ వారమే వాళ్లింటికి వెళ్లాను. వచ్చే ఆదివారం మిగిలిన సగం చెబుతాను, కమిటీని మళ్లీ అడుగుతాను అన్నాను. ఆయన పొయ్యి మీద అన్నం చూసుకుంటున్నాడు. అక్క పోయాక వంట తనే చేసుకునేవాడు.

"ఇప్పుడొద్దు. ఇప్పుడు చెబితే నా కోసం చెప్పినట్టుంటుంది. అప్పుడే చెప్పి ఉంటే దేవుడి కోసం చెప్పినట్టుండేది."

"తప్పైంది బావా."

"అన్నం తింటావా?" అన్నాడు. తిన్నాను. పప్పులో ఉప్పు లేదు. ఇద్దరం ఆ సంగతి అనలేదు.

వానాకాలంలో ఛాతీలో నెమ్ము చేరి, సంగారెడ్డి ఆసుపత్రిలో వారం రోజులుండి పోయాడు. చివరి రోజుల్లో నేను పక్కన కూర్చుని లేఖనం చదివితే విన్నాడు. జాగా మాట ఎత్తలేదు. నేను ఎత్తబోతే కళ్లు మూసుకున్నాడు.

తూర్పు ముక్కలో, ఆయనకు ముఖం కూడా తెలియని ఇద్దరు ఉద్యోగుల మధ్య సమాధి చేశాం. కాక నిజంగానే ఏడ్చాడు. "మంచి అల్లుడు. ఒక్క మాట పడనియ్యలే" అన్నాడు. ఆ కన్నీళ్లు అబద్ధం కాదు. అదే నన్ను ఎక్కువ బాధపెడుతుంది. చెడ్డవాళ్లు చేసి ఉంటే వాళ్ల కోసం ప్రార్థన చేసుకునేవాణ్ని. మట్టి వేసే ముందు ప్రార్థన నాతోనే చేయించారు. ఒకే శరీరంలోని అవయవాలం అన్నాను. నా నోరు ఆ మాటను తడబడకుండా పలికింది.

పడమటి ముక్కలో ఇంకెంతో జాగా లేదు. అందుకని పోయిన నెల కమిటీ మా వాళ్ల కుటుంబాలకు వరుస ప్రకారం ముందే కేటాయించింది. ఆ వరుసలో అక్క పక్క జాగా మా ఇంటికి వచ్చింది, నా పేరు మీద. నాకొద్దన్నాను.

"ఎవడో ఒకడు పండాలె గదరా ఆడ" అన్నాడు కాక. "తమ్మునివి. రక్త సంబంధం. ఎవలేమంటరు?"

ఎవరూ ఏమీ అనలేదు. కార్యదర్శిని కాబట్టి, ఆ జాగాకు ఎదురుగా నా పేరు నేనే రాసుకున్నాను.

నాకు పునరుత్థానం మీద నమ్మకముంది. మాటవరసకు కాదు, పొద్దు పొడుస్తుందని నమ్మినంతగా నమ్ముతాను. బూర మోగుతుంది, సమాధులు తెరుచుకుంటాయి, ఎవరు పడుకున్న చోటి నుంచి వాళ్లు లేస్తారు. ఇన్నేళ్లూ ఆ ఉదయం గురించి ఎంతమందికో ధైర్యం చెప్పాను. ఇప్పుడు నాకు అదే భయం. ఆ ఉదయం అక్క లేచి మొదట తన పక్కకు తిరిగి చూస్తుంది. అక్కడ నేనుంటాను.